పదకొండో చుట్టు

బండి వెనక ఇరుసులో పోసే నూనెకు ఒక వాసన ఉంటుంది. గంధకం వాసన. ఇంజన్ ఆయిల్ బట్టలకు అంటితే రెండు ఉతుకుల్లో పోతుంది. ఇది మాత్రం చేతికి పట్టిందంటే అన్నం ముద్దలో కూడా తగులుతుంది. మొన్న మెట్‌పల్లిలో నా షెడ్డుకు ఒక పాత జీపు వచ్చింది. వెనక ఇరుసు గిన్నె మూత విప్పి నూనెను పళ్లెంలోకి దించుతుంటే ఆ వాసన ముఖానికి కొట్టింది. జీపు తెచ్చినాయన ముక్కు మూసుకుని రోడ్డు మీదికి పోయాడు. నేను పళ్లెం దగ్గరే కూర్చుండిపోయాను. నాకు ఆ వాసన అంటే పోశెట్టన్న. సౌదీలో నాకు పని నేర్పిన మనిషి. ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకుని మానేశాను. రాస్తే నా సంగతి కూడా రాయాల్సి వస్తుందని.

ఖమీస్ ముషైత్ కొండల మీది ఊరు. సౌదీ అంటే ఇసుకే అనుకుని దిగిన నాకు అక్కడ చలి కోటు కొనుక్కోవాల్సి వచ్చింది. ఊరి చివర సనయ్యాలో, అంటే షెడ్లన్నీ ఒకచోట ఉండే పేటలో, మా గ్యారేజీ. నా వీసా మీద మెకానిక్ అని ఉంది. నిజానికి నాకు వచ్చింది ట్రాక్టరు ట్యూబులకు పంక్చర్లు వేయడం. పెద్ద మెకానిక్ పోశెట్టన్న ఆర్మూరు దిక్కు మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నిజామాబాదులో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. నా చేతిలో పానా పెట్టి గంటసేపు చూశాడు.

"నీకు పని అచ్చునా తమ్మీ?"

"వస్తదన్నా."

"రాదు" అన్నాడు, కోపం లేకుండా. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని కఫీల్ దగ్గరికి తీసుకెళ్లాడు. మా వీసాలు, పాస్‌పోర్టులు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. గ్యారేజీ ఆయనదే. పేరు అబూ సాలేహ్. "ఈ పిలగానికి పని రాదు. ఆరు నెలల్ల నేర్పుత. పంపకు" అని పోశెట్టన్న తన వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. అబూ సాలేహ్ నన్నొకసారి కిందినుంచి పైదాకా చూసి సరేనన్నాడు. పోశెట్టన్న నన్ను కాపాడాడని అర్థం కావడానికి నాకు నెల పట్టింది. ఆ నెలంతా ఈయన నా పరువు తీశాడనే మండిపడ్డాను.

తర్వాతి ఏడాదే యుద్ధం వచ్చింది. ఊరి పక్కనే సైన్యం విమానాల స్థావరం. పొద్దుగూకే వేళ విమానాలు లేస్తుంటే షెడ్డు రేకులు అదిరేవి. కిటికీలకు టేపులు అంటించుకున్నాం. పని మాత్రం మూడింతలైంది. నీళ్ల ట్యాంకర్లు, సామాను లారీలు వరసకట్టి నిలబడేవి. పోశెట్టన్న ఊరికి పోవాల్సింది సరిగ్గా అప్పుడే. ఆయన సౌదీకి వచ్చేనాటికి భార్యకు అయిదో నెల. కూతురు పుట్టిన కబురు ఉత్తరంలో చదువుకున్నాడు. యుద్ధం పుణ్యమా అని సెలవులన్నీ ఆగిపోయాయి. ఇంటి నుంచి క్యాసెట్లు వచ్చేవి. మాటలు రికార్డు చేసి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఒక క్యాసెట్లో ఆ పిల్ల, ఎవరో పక్కనుంచి అందిస్తుంటే, "బాపూ, నన్ను బడికి నువ్వే తీస్కపోవాలె" అంది. ఆ ముక్క దగ్గర ఆయన టేపు ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. గదిలో ఆరుగురం ఉన్నాం. రెండోసారి అందరం విన్నాం.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మొదట్లో పోశెట్టన్న పూర్తిగా ఊరికి పోతానని అడిగాడు. దేశం దాటాలంటే కఫీల్ సంతకంతో ఖురూజ్ కాగితం కావాలి. జూన్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి ఇంట్లో ఉండాలి. ఆయన కోరిక అదొక్కటే. అబూ సాలేహ్ కాదనలేదు. "నా కారు సంగతి తేల్చు. తేలిన రోజే కాగితం ఇస్తా" అన్నాడు.

ఆ కారు యుద్ధానికి వచ్చిన ఒక అమెరికన్ పోతూ పోతూ అమ్మేసింది. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, లారీకి పెట్టదగ్గ ఇంజను. నా వయసంత పాతదే, అయినా చూస్తే కన్ను తిప్పుకోలేం. అంత ఇంజను ఉండి కూడా అబహా దారిలో ఎక్కుడు వచ్చేసరికి బద్ధకించేది. శుక్రవారం శుక్రవారం అబూ సాలేహ్ బావమరిది తన కారుతో ఆ ఎక్కుడు మీద పందెం వేసేవాడు. మా కఫీల్ ప్రతిసారీ ఓడేవాడు. లోపం ఇంజనులో లేదు, వెనక ఇరుసులో ఉంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలి అన్నదాన్ని రేషియో అంటారు. ఆ అంకె పెద్దదైతే బండి ఎక్కుడు మీద ఎగబాకుతుంది, కానీ చదును దారిలో ఇంజను ఊరికే అరుస్తుంది. అంకె చిన్నదైతే చదునులో హాయిగా పోతుంది, ఎక్కుడులో చతికిలబడుతుంది. రెండూ కావాలంటే కుదరదు. కుర్రకారు పందేల కార్లకు నాలుగూ పది, అంటే 4.10 రేషియో, వేయించుకునేవాళ్లు. అబూ సాలేహ్‌కూ అదే కావాలి.

వేస్తే పోయేది. ఇద్దరికీ పని అయిపోయేది. పోశెట్టన్న మాత్రం ముందు కారులో తిరగాలన్నాడు. ఎవరి బండికైనా ఆయన పద్ధతి అదే. రెండు వారాలు అబూ సాలేహ్ ఎక్కడికి పోతే అక్కడికి పక్క సీట్లో కూర్చుని పోయాడు. అల్ ఖర్జ్‌కు కూడా పోయి వచ్చాడు. అక్కడ అబూ సాలేహ్ అక్క ఉంటుంది. పది గంటల దారి, చాలామటుకు చదును. ఏం చూశావన్నా అని అడిగాను.

"శుక్రవారం పదిమంది సూస్తున్నప్పుడు ఎక్కేది పావు గంట ఎక్కుడు. ఎవ్వలు సూడనప్పుడు పదిహేను దినాలకోపాలి ఒక్కడే అల్ ఖర్జ్ వోతడు. బండి ఎవ్వలు సూడనప్పుడు ఏడ తిరుగుతదో దానికి ఎయ్యాలె ఇరుసు" అన్నాడు.

అప్పుడున్న రేషియో ఎంతో తెలుసుకోవడానికి కారును స్టాండ్ల మీదికి ఎత్తాం. ఆ రకం ఇరుసులో వెనక చక్రాలు రెండూ కలిసే తిరుగుతాయి. చక్రం మీద ఒకటి, షాఫ్ట్ మీద ఒకటి సుద్దగీత. ఒకరు చక్రాన్ని పది చుట్లు తిప్పాలి, రెండోవారు కింద పడుకుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. ఒక్క చుట్టుతో అయితే అరా పావూ తెలియవు, అందుకని పది. నేను కింద పడుకున్నాను. పోశెట్టన్న చక్రం మీద చెయ్యి వేసి, "లాభం" అని మొదలుపెట్టాడు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి లాభం అంటాం కదా, అలాగ. ఆ మాట వినగానే నాకు మా ఊరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ తర్వాత నా లెక్క నాకు ముఖ్యమై ఆయన లెక్క చెవిన పడలేదు. చివరికి ఆయన "పది" అనేసరికి నాకు ఇరవై ఏడూ చిల్లర వచ్చింది. అంటే రెండూ డెబ్బై మూడు.

"మూడూ యాభై ఐదు ఎయ్యాలె" అని పోశెట్టన్న అబూ సాలేహ్‌కు చెప్పాడు. "నాలుగూ పది ఏస్తే ఇప్పటికన్న ఒకటిన్నర రెట్లు తిరుగుతది ఇంజను. ఎండకాలం అల్ ఖర్జ్ తొవ్వల పది గంటలు గట్ల తిరిగితే నడుమ ఆగిపోతవు."

"మూడూ యాభై ఐదుతో నా బావమరిదిని గెలుస్తానా?"

"గెలువవు. ఒక్క కారు పొడుగంత ఎనుకవడుతవు."

ఓడిపోతావని కఫీల్ ముఖం మీద చెప్పిన పనివాణ్ని నేను అంతకుముందు చూడలేదు. అబూ సాలేహ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక్క కారు పొడుగు అయితే సరే" అన్నాడు చివరికి.

పాత బండ్లను విప్పి అమ్మే యార్డు ఊరి బయట ఉంది. ఇంజను పనిలో ఉండి పోశెట్టన్న నన్ను పంపాడు. అలాంటి ఇరుసులే అక్కడ మూడున్నాయి. వాటి మీది అంకెలను తుప్పు తినేసింది. యార్డు కాపలా ఉన్న పాకిస్తానీ ముసలాయన షాఫ్ట్ దగ్గర కూర్చున్నాడు. నేను చక్రం పట్టుకున్నాను. "లాభం" అని ఒక చుట్టు తిప్పాను. ఆ తర్వాత "ఒకటి, రెండు" అంటూ పది దాకా తిప్పాను. రెండో ఇరుసుకు ఆయన ఉర్దూలో "సాఢే పైంతీస్" అన్నాడు. ముప్ఫై అయిదున్నర. మూడూ యాభై ఐదు సరిగ్గా దొరికిందని ఎగిరి గంతేసినంత పని చేశాను.

శుక్రవారం ముంచుకొచ్చింది. బిగిస్తూ పోశెట్టన్న అడిగాడు. "ఎన్ని చుట్లు తిప్పినవు?"

"పదన్నా."

"సరే" అన్నాడు. ఎవరు లెక్కపెట్టి తెచ్చినా మళ్లీ తానే లెక్కపెట్టుకునే మనిషి నా మాట మీద ఊరుకున్నది ఆ ఒక్కసారే. ఆ లెక్కకు తగ్గట్టు స్పీడు సూదిని నడిపే చిన్న పళ్లచక్రం కూడా మార్చాడు.

పందెంలో అబూ సాలేహ్ ఒక్క కారు పొడుగు కాదు, అయిదారు కార్ల పొడుగు వెనకబడ్డాడు. బావమరిది పైన కారు దిగి, బానెట్ మీద కూర్చుని ఎదురుచూశాడట. ఆ మధ్యాహ్నం మా కఫీల్ గ్యారేజీకి వచ్చి, కారు తాళాలు ఆడిస్తూ కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. పోశెట్టన్న అన్నం కలిపి, తినకుండా వదిలేశాడు. "గంత ఎట్ల తప్పుత?" అని రెండు రోజులు తనలో తనే అనుకున్నాడు. కారును ఎత్తి చూద్దామంటే అబూ సాలేహ్ దాన్ని తీసుకుని అల్ ఖర్జ్ వెళ్లిపోయాడు.

తిరిగొచ్చినప్పుడు ఆయన ముఖం వేరుగా ఉంది. ఉదయాన్నే కారు తెచ్చి నిలిపి, పోశెట్టన్న భుజం తట్టాడు. బండి పది గంటలు వెన్నలా పోయిందట, వేడెక్కలేదట, పెట్రోలు కూడా మిగిలిందట. "పందెం పోతే పోయింది. నువ్వు చెప్పిందే నిజం. నూనె ఒకసారి చూసి పెట్టు, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కాగితం తెస్తా" అని వెళ్లాడు. అప్పుడు మే నెల నడుస్తోంది. పోశెట్టన్న నవ్వగా నేను అంతకుముందు చూసింది తక్కువ. ఆ ఉదయం నవ్వాడు. నవ్వి, "ఎత్తు, ఒకపాలి లెక్కవెడుదాం" అన్నాడు.

కాగితం వస్తోంది కదా, ఇప్పుడు లెక్కెందుకన్నా అన్నాను. ఆయన అప్పటికే స్టాండు తోస్తున్నాడు. ఈసారి ఆయన కింద పడుకున్నాడు, నేను చక్రం పట్టుకున్నాను.

"లాభం" అని తిప్పాను. "ఒకటి" అని మళ్లీ తిప్పాను.

"ఆగు" అన్నాడు కిందినుంచి.

ఆగాను.

"లాభమన్నవు. మల్ల ఒకటి ఎక్కడికెళ్లి అచ్చె?"

అప్పుడు తెలిసింది. వాళ్ల ఊళ్లో లాభం అంటేనే ఒకటి. లాభం, రెండు, మూడు అని పోతారు. మా ఇంట్లో మొదటి కుంచం దేవుడిది. దాన్ని లాభం అని పక్కకు పోసి, రెండో కుంచం నుంచి ఒకటి అని మొదలుపెట్టేవాడు మా నాన్న. ఎవరి లెక్క వాళ్ల ఇంట్లో ఒప్పే. యార్డులో నేను పది చుట్లు అనుకుని పదకొండు తిప్పాను. ముప్ఫై అయిదున్నరను పదకొండుతో భాగిస్తే మూడూ ఇరవై మూడు. కారు కింద ఉన్నది అదే. పోశెట్టన్న బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, మన రెండు ఊళ్ల మధ్య పట్టుమని పదిహేను కోసులు లేవు గదరా అన్నాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

సూది కూడా తప్పే చూపిస్తోందన్నమాట. నూట ఇరవై అని చూపిస్తుంటే కారు నూట ముప్ఫై దాటి పోతోంది. "ఆ చిన్న పళ్లచక్రం మార్చేద్దాం అన్నా. గంట పని. ఆయనకు బండి నచ్చింది. కాగితం తీసుకుని నువ్వు పో. ఎవరికీ తెలవదు" అని బతిమాలాను. నా మాటలో సగం ఆయన మీద ప్రేమ, సగం నా భయం. నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఆ నెలలోనే కొత్తది చేయించాలి. అది అబూ సాలేహ్ చేతిలో ఉంది.

పోశెట్టన్న పళ్లచక్రం మార్చాడు. మార్చి, గ్యారేజీ ముందు నీళ్లు చల్లుకుని ముఖం కడుక్కున్నాడు. "మార్చుడు ఒక్కటి, చెప్పుడు ఒక్కటి" అన్నాడు. "నేను మూడూ యాభై ఐదని చెప్పి ఇచ్చిన. ఆయన బండి కింద ఏమున్నదో ఆయనకు తెల్వాలె గద."

అసర్ తర్వాత అబూ సాలేహ్ వచ్చాడు. కాగితం జేబులోంచి సగం బయటికి కనిపిస్తోంది. పోశెట్టన్న దాన్ని చూడకుండా విషయం చెప్పాడు. నువ్వు పందెంలో అంత వెనకబడింది అందుకే, లెక్క తప్పింది, సూది కూడా తప్పింది, ఇప్పుడు సరిచేశాను అని. అబూ సాలేహ్ అంతా విని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"లెక్కపెట్టింది ఎవరు?"

"నా లెక్క" అన్నాడు పోశెట్టన్న.

నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. అబూ సాలేహ్ తొందరపడలేదు. అయినా నేను తెరవలేదు. ఆయన కాగితాన్ని జేబులోకి నెట్టుకుని, "అయితే నువ్వు చెప్పింది వేసి వెళ్లు. పని కాలేదని నువ్వే అంటున్నావు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. మాటకు మాట పట్టుకున్నాడు, అంతే.

మూడూ యాభై ఐదు ఖమీస్‌లో దొరకలేదు. జిద్దాకు కబురు పెట్టాం. అక్కడినుంచి రావడానికి, వచ్చింది సరిపోక వాపసు పంపి మరొకటి తెప్పించడానికి మూడు నెలలు పట్టింది. జూన్ వచ్చింది, పోయింది. ఆ మూడు నెలల్లో పోశెట్టన్న నాకు ఇరుసు లోపలి క్రౌన్-పినియన్ చక్రాల పళ్లు ఒకదానిలో ఒకటి ఎంత లోతుగా కూర్చోవాలో రంగు పూసి చూసుకోవడం నేర్పాడు. నేను నేర్చుకున్న పనిలో మేలైనదంతా ఆ మూడు నెలల్లోదే. ఒక్కసారి కూడా ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని అడగలేదు. ఆగస్టు చివర కొత్త ఇరుసు బిగించి, పది చుట్లు తానే తిప్పి, కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి శుక్రవారం అబూ సాలేహ్ ఒక్క కారు పొడుగు తేడాతో ఓడి, సంతోషంగా వచ్చాడు.

అప్పుడు చెప్పాను. పోశెట్టన్న ఎలాగూ వెళ్లిపోయాడు, నా ఇఖామా కూడా వచ్చేసింది, ధైర్యానికి ఇక ఖర్చేముంది. "ఆ చక్రం తిప్పింది నేను" అన్నాను.

"తెలుసు" అన్నాడు అబూ సాలేహ్. "పోశెట్టి లెక్క తప్పడు. నువ్వు చెప్తావేమోనని చూశాను. చెప్పి ఉంటే ఆయనకు కాగితం అక్కడే ఇచ్చి, ఇరుసు నీతో మార్పించేవాణ్ని. ఆయన తనదన్నాడు. నువ్వు ఊరుకున్నావు. నేనేం చేయను?"

రెండేళ్లకు నేను సెలవులో వచ్చినప్పుడు ఆర్మూరు దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను. ఈ మాట ఆయనకు చెప్పాలనే వెళ్లాను. వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. పోశెట్టన్న మోటార్ల రిపేరు పెట్టుకున్నాడు. మనిషి కొంచెం ఒళ్లు చేశాడు. ఏడేళ్ల పిల్ల నాకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, తండ్రి వీపు మీద వాలి నిలబడింది.

"బడికి తీసుకుపోయినవా అన్నా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఏడ? నేనచ్చేసరికే తొవ్వ అంత నేర్చుకున్నది" అని నవ్వాడు పోశెట్టన్న. "నేను దిగిన తెల్లారి, రా బాపూ సూపెడుత అని నా ఏలు వట్టుకోని అదే నన్ను తీస్కపోయింది. పంతులుకు సూపెట్టి, గీనె మా బాపు అని చెప్పింది."

పిల్ల సిగ్గుపడి లోపలికి పరిగెత్తింది. ఆయన దాని వైపే చూస్తూ ఇంకా నవ్వుతున్నాడు. నేను చెంబులో నీళ్లన్నీ తాగాను. భోజనం పెట్టారు, తిన్నాను. బస్సు దాకా తోడొచ్చి, పని మంచిగ చేస్తున్నవా అని అడిగాడు. చేస్తున్నానన్నాను.

పోశెట్టన్న పోయి ఆరేళ్లయింది. ఆయన నేర్పిన పనితోనే నా ఇల్లు గడిచింది, నా పిల్లలు చదువుకున్నారు. నేను నోరు తెరిచి ఉంటే ఆయన జూన్‌లోనే ఇంటికి చేరేవాడన్న సంగతి మాత్రం ఆయనకు తెలియకుండానే పోయాడు. తెలిసి ఉండొచ్చునని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. అప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గేస్తుంది.